గ్రేహౌండ్ స్టేడియం మూతపడకుండా ఆపగలమా? సంతకం పెట్టే ముందు చూడాల్సినవి

తర్వాత చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. మీరుండే ఇంగ్లండ్ పట్టణంలో ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్న గ్రేహౌండ్ స్టేడియాన్ని, అంటే గ్రేహౌండ్ జాతి కుక్కల పందేలు జరిగే మైదానాన్ని, యజమానులు అమ్మకానికి పెట్టారు. అక్కడ ఫ్లాట్లు వస్తాయంటున్నారు. మీ పక్కింటి పెద్దాయన స్టేడియాన్ని కాపాడే కమిటీలో ఉన్నారు, పిటిషన్ మీద సంతకం చేయించుకుని, ఇప్పుడు కమిటీలోకీ రమ్మంటున్నారు. ఇలాంటి పోరాటాలు ఎక్కడైనా నెగ్గాయా, చేరితే ఏం చేయాలి, అసలు కుక్కల పందేలు కొనసాగాలని అడగడం సబబేనా అని మీరు అడుగుతున్నారు.

నేను లండన్‌లో ప్లానింగ్ రంగంలో చాలాకాలంగా ఉన్నాను. కొన్నేళ్ళు కౌన్సిల్ ఆఫీసులో కూర్చుని బిల్డర్ల అర్జీలు చదివాను, ఆ తర్వాత బిల్డర్ల తరఫున అలాంటి అర్జీలే రాశాను. ఇలాంటి కమిటీల గురించి టేబుల్‌కి రెండువైపులా ఏమనుకుంటారో తెలుసు. నా జవాబు ఇదీ: స్టేడియం ఉంటుందా పోతుందా అనేది దాన్ని ఎంతమంది ప్రేమిస్తున్నారన్న లెక్కతో తేలదు. నేల ఎవరి పేరున ఉంది, ఆ నేల మీద ఏం కట్టుకోవచ్చని కౌన్సిల్ లోకల్ ప్లాన్‌లో రాసుంది, పందేలు నడిపే డబ్బూ ఓపికా ఉన్న మనిషి ఎవరైనా సిద్ధంగా ఉన్నారా, వీటితో తేలుతుంది. మీ కమిటీ వీటి మీద పనిచేస్తుంటే చేరండి. సంతకాలూ పాత ఫొటోలూ మాత్రమే పోగుచేస్తుంటే, పెద్దాయన మనసు కష్టపెట్టకుండా ఓసారి వెళ్ళి టీ తాగి వచ్చేయండి.

ఈ పందేలు ఎప్పుడూ చూడనివాళ్ళకి కాస్త నేపథ్యం చెప్పాలి. ఇసుక పరిచిన గుండ్రటి ట్రాకు. ఆరు కుక్కలు, ఆరు రంగుల కోట్లు: ఒకటో నంబరుకి ఎరుపు, రెండుకి నీలం, మూడుకి తెలుపు, నాలుగుకి నలుపు, అయిదుకి నారింజ, ఆరుకి నలుపు తెలుపు చారలు. మరబొమ్మ కుందేలు పట్టా మీద దూసుకొస్తుంది, అది దాటగానే కుక్కలు నిలబడే పెట్టెల (ట్రాపుల) తలుపులు లేస్తాయి. లండన్ వాల్తమ్‌స్టోలో మామూలు పందెం దూరం 475 మీటర్లు, అరనిమిషంలో అయిపోయేది. తర్వాత పావుగంట బీరు, చిప్స్, టోట్ (అందరి పందెం డబ్బూ ఒకచోట పోగుచేసి గెలిచినవాళ్ళకి పంచే పద్ధతి) కిటికీ దగ్గర క్యూ, మళ్ళీ ఇంకో పందెం. మలక్‌పేట రేసులకి వెళ్ళినవాళ్ళకి ఈ టోట్ వ్యవహారం కొత్తేమీ కాదు.

బ్రిటన్‌లో ఇది 1926 జూలైలో మాంచెస్టర్ బెల్ వ్యూలో మొదలైంది. గుర్రప్పందేలు పగటిపూట, ఊరికి దూరంగా, దర్జా ఉన్నవాళ్ళ వ్యవహారం. ఇవి సాయంత్రం, దీపాల వెలుగులో, ఫ్యాక్టరీ నుంచి నడిచి వెళ్ళేంత దగ్గర్లో జరిగేవి. పైగా అప్పట్లో ట్రాకు బయట నగదు పందెం కాయడం చట్టవిరుద్ధం. కూలి డబ్బు జేబులో ఉన్న మనిషి న్యాయంగా పందెం కాయాలంటే ట్రాకుకే వెళ్ళాలి. జనం విరగబడ్డారు. ఆ రోజుల్లో వీటి పలుకుబడి ఎంతటిదంటే, 1966 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో ఉరుగ్వే, ఫ్రాన్స్ మ్యాచ్‌ని వెంబ్లీ నుంచి వైట్ సిటీకి మార్చాల్సి వచ్చింది. ఎందుకంటే ఆ శుక్రవారం వెంబ్లీలో కుక్కల పందేలున్నాయి, వాటిని రద్దు చేయడానికి స్టేడియం యజమాని ఒప్పుకోలేదు!

అప్పటికే లోపల చెద మొదలైంది. 1960 చట్టంతో 1961 నుంచి వీధి వీధినా బెట్టింగ్ షాపులు తెరుచుకున్నాయి. పందెం కాయడానికి ట్రాకుకి వెళ్ళాల్సిన అవసరం పోయింది. లండన్‌లో ఒకప్పుడు ముప్ఫై దాకా ఉన్న ట్రాకుల్లో ఇప్పుడు మిగిలింది రామ్‌ఫర్డ్ ఒక్కటే. ఇల్ఫర్డ్, ఈస్ట్‌హామ్ వైపు ఉండే మనవాళ్ళు బస్సులో దాని పక్కగా వెళ్తూనే ఉంటారు, అదేమిటో చాలామందికి తెలియదు. క్రేఫర్డ్ ట్రాకు 2025 జనవరిలో మూతపడింది.

మీ కమిటీ తప్పకుండా అర్థం చేసుకోవాల్సిన సంగతొకటి ఇక్కడుంది. ఇవాళ ట్రాకులు ప్రేక్షకుల టికెట్ల మీద బతకడం లేదు. బెట్టింగ్ షాపుల్లోనూ ఫోన్లలోనూ పందేలను ప్రసారం చేసే హక్కుల డబ్బే ప్రధాన ఆదాయం. 1967లో బుక్‌మేకర్లు (పందెం కట్టించుకునే వ్యాపారులు) మధ్యాహ్నం పూట షాపుల్లో జనం పందెం కాయడం కోసం పందేలు ఏర్పాటు చేయించడంతో ఈ పద్ధతికి బీజం పడింది. ఇప్పుడు పొద్దున పూట, వారం మధ్యలో, స్టాండ్‌లో పట్టుమని పాతికమంది లేకున్నా పందేలు సాగిపోతుంటాయి. అందుకని ‘శనివారం రాత్రి స్టాండ్ నిండుతోంది, అయినా మూసేస్తున్నారు’ అని కమిటీ వాళ్ళు వాపోతే యజమానికి చీమ కుట్టినట్టైనా ఉండదు. ఆయన ప్రసార ఒప్పందం ఎన్నాళ్ళుందో, నేల ధర ఎంత పలుకుతోందో చూసుకుంటాడు. కొన్ని ట్రాకులైతే బెట్టింగ్ కంపెనీలవే. క్రేఫర్డ్ అలాంటిదే, రామ్‌ఫర్డ్ కూడా. ఆ కంపెనీకి ఒక ట్రాకు పోతే పందేలు ఇంకో ట్రాకులో పెట్టుకుంటుంది.

ఇక పోరాటాల విషయం. అన్నిటికంటే పేరున్నది వాల్తమ్‌స్టో, దాని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను.

విలియం చాండ్లర్ అనే బుక్‌మేకర్ 1933లో తెరిచిన స్టేడియం అది. చివరిదాకా ఆ కుటుంబం చేతిలోనే ఉంది. చింగ్‌ఫర్డ్ రోడ్డు వైపు ఉన్న ముఖభాగం మీద నియాన్ అక్షరాలు, దూకుతున్న కుక్క బొమ్మ. నిజానికి అది పందెం లెక్కలు చూపించే టోట్ బోర్డు వెనకవైపు గోడ. 1945 ఎన్నికల ప్రచారంలో చర్చిల్ అక్కడికొచ్చి మాట్లాడాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడు డేవిడ్ బెక్‌హామ్ అక్కడ ఖాళీ గ్లాసులు ఏరే పని చేశాడు. ఆ ప్రాంతం వాళ్ళకి పెళ్ళికి ముందు పార్టీలన్నా, ఆఫీసు క్రిస్మస్ విందులన్నా అక్కడే. అలాంటిచోటు 2008 ఆగస్టు 16న ఆఖరి పందెంతో ఆగిపోయింది. జనం తగ్గారు, రాబడి తగ్గింది అన్నారు యజమానులు. లండన్ అండ్ క్వాడ్రంట్ అనే హౌసింగ్ అసోసియేషన్ (తక్కువ అద్దెకి ఇళ్ళిచ్చే, లాభాపేక్ష లేని సంస్థ) 1 కోటి 80 లక్షల పౌండ్లకి కొనుక్కుంది.

ఆ తర్వాత జరిగిన ఉద్యమానికి ఏ లోటూ లేదు. ‘సేవ్ అవర్ స్టో’ పేరుతో ఏళ్ళ తరబడి పోరాడారు. కన్సర్వేటివ్ ఎంపీ ఇయన్ డంకన్ స్మిత్, లేబర్ ఎంపీ స్టెల్లా క్రీసీ, ఇద్దరూ ఒకే వైపు నిలబడ్డారు. ఆ ఇద్దరూ ఒక మాట మీదకి రావడం ఎంత అరుదో ఇక్కడి రాజకీయాలు చూసేవాళ్ళకి చెప్పనక్కర్లేదు. కొని పందేలు మళ్ళీ నడుపుతానని ఒక వ్యాపారవేత్త ముందుకొచ్చాడు. పోనీ కట్టడానికి రక్షణ లేదా అంటే, అదీ ఉంది: మూతపడటానికి ఏడాది ముందే, 2007లో, టోట్ బోర్డుని, కుక్కల కొట్టాలని గ్రేడ్ 2 వారసత్వ కట్టడాలుగా చేర్చారు.

అయినా ఏమైంది? 2012లో కౌన్సిల్ 294 ఇళ్ళకి అనుమతిచ్చింది, అప్పుడు లండన్ మేయర్‌గా ఉన్న బోరిస్ జాన్సన్ కూడా అడ్డు చెప్పలేదు. ఆ ఇళ్ళలో తక్కువ ధరవి అయిదింట ఒక వంతు మాత్రమే. దాని మీదా గోల జరిగింది, లాభం లేకపోయింది. ఇవాళ వెళ్ళి చూడండి. ఆ నియాన్ ముఖభాగం చక్కగా బాగుచేసి నిలబెట్టారు. వెనక ట్రాకు ఉండాల్సిన చోట అపార్ట్‌మెంట్లు.

ఎక్కడ దెబ్బతిన్నారు? వారసత్వ జాబితా గోడను కాపాడుతుంది గానీ గోడ వెనక జరిగే పనిని కాపాడదు. కట్టడాన్ని కూల్చొద్దని చట్టం చెప్పగలదు. దాని పక్కన కుక్కల్ని పరిగెత్తించమని ఎవరినీ బలవంతపెట్టలేదు. రెండోది, నేల అప్పటికే చేతులు మారిపోయింది. కొనేవాడు ఎంత పెద్ద చెక్కు రాసినా, అమ్మేవాడు అమ్మనంటే అంతే సంగతులు. ఉద్యమం ఊపందుకునేసరికి రిజిస్ట్రేషన్ అయిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది వాళ్ళ పని. మూడోది, కొన్నది ఏ అత్యాశ బిల్డరో అయితే తిట్టడం తేలిక. హౌసింగ్ అసోసియేషన్ అనేసరికి ‘పేదలకి ఇళ్ళు ముఖ్యమా, మీ కుక్కలు ముఖ్యమా’ అనే ప్రశ్న ఎదురొచ్చింది. మీ ఊళ్ళో కూడా మొదటి సభలోనే ఈ ప్రశ్న వస్తుంది, రాసిపెట్టుకోండి.

వింబుల్డన్ కథ ఇంకో రకం. టెన్నిస్ వింబుల్డన్ కాదండోయ్, దానికి కొంత దూరంలో ప్లవ్ లేన్‌లో ఉన్న కుక్కల స్టేడియం. 1928 నుంచి నడిచింది, 1985 నుంచి 2016 దాకా ఈ పందేల్లో అన్నిటికంటే పేరున్న ఇంగ్లిష్ గ్రేహౌండ్ డర్బీ అక్కడే జరిగేది. అక్కడ ఒక ఊరి ఉద్యమం ఇంకో ఊరి ఉద్యమం చేతిలో ఓడింది. వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్బుని మిల్టన్ కీన్స్‌కి తరలించడానికి 2002లో అనుమతి దొరికినప్పుడు, అభిమానులు కోపంతో సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టుకున్నారు. సొంత గడ్డకి తిరిగిరావాలన్నది వాళ్ళ పట్టుదల. ఆ ప్రాంతపు మర్టన్ కౌన్సిల్ 2014 నాటి ప్లాన్‌లో ఆ స్థలాన్ని క్రీడలకే ఉంచుతూ, దానికి ఆసరాగా ఇళ్ళు కూడా రావచ్చని రాసింది. కుక్కల వాళ్ళు ‘హమ్మయ్య, క్రీడలకే కదా’ అనుకుని ఉంటారు. ఆ వాక్యంలో ఏ క్రీడ అని లేదు. ఒక ఐరిష్ వ్యాపారవేత్త కొత్త గ్రేహౌండ్ స్టేడియం కడతానన్నా, కౌన్సిల్ 2015 డిసెంబరులో ఫుట్‌బాల్ స్టేడియానికీ ఇళ్ళకీ ఓటేసింది. బోరిస్ జాన్సన్ ఫైలు తన దగ్గరకి తెప్పించుకున్నాడు, తర్వాత మేయర్‌గా వచ్చిన సాదిఖ్ ఖాన్ దాన్ని కౌన్సిల్ నిర్ణయానికే వదిలి వెనక్కి పంపేశాడు. 2017 మార్చిలో కుక్కలు ఆగిపోయాయి, 2020 నవంబరులో ఫుట్‌బాల్ వచ్చింది.

నేనైతే ఆ ఫుట్‌బాల్ అభిమానుల ఆనందాన్ని తప్పుపట్టలేను. కానీ మీకు పనికొచ్చే సంగతి చూడండి: లోకల్ ప్లాన్‌లో ఒక్క పదం దగ్గర ఏమరితే మొత్తం పోతుంది. ఆ పదం చేర్చడానికి వీలయ్యేది ప్లాన్ ముసాయిదా ప్రజల ముందుకొచ్చిన ఆ కొద్ది వారాల్లోనే. అప్పుడు ఎవరూ పట్టించుకోరు, సంతకాల సేకరణలు ఉండవు, టీవీ వాళ్ళు రారు. బిల్డర్ల తరఫు కన్సల్టెంట్లు మాత్రం వచ్చి పేజీలకు పేజీలు రాసి వెళ్తారు. నేనూ రాశాను కాబట్టి చెప్తున్నాను.

డబ్లిన్‌లో హెరాల్డ్స్ క్రాస్ కథ ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. దాన్ని 2017 ఫిబ్రవరిలో మూసింది ఏ బిల్డరో కాదు, ఆ క్రీడను నడిపే ఐరిష్ గ్రేహౌండ్ బోర్డే. లిమరిక్‌లో కొత్త స్టేడియం కట్టి తెచ్చుకున్న అప్పులు తీర్చడానికి మూసేసింది. కుక్కల యజమానులూ ట్రైనర్లూ నగరంలోని ఇంకో ట్రాకు షెల్బోర్న్ పార్క్ దగ్గర అడ్డంపడి పందేలు ఆపేశారు. స్థలం మాత్రం 2 కోట్ల 30 లక్షల యూరోలకి బడి కోసం విద్యాశాఖకి వెళ్ళింది. బడి కోసం అడిగితే ఎవరు కాదంటారు?

ఇప్పుడు నెగ్గిన కథ. ఆక్స్‌ఫర్డ్. యూనివర్సిటీ వైపు కాదు, కార్ల ఫ్యాక్టరీ ఉన్న కౌలీ వైపు, శాండీ లేన్‌లో. 1939లో తెరిచారు. కుక్కలే కాదు, అక్కడ స్పీడ్‌వే కూడా ఉండేది, అంటే బ్రేకుల్లేని మోటారుసైకిళ్ళ రేసు. జట్టు పేరు ఆక్స్‌ఫర్డ్ చీతాస్. స్పీడ్‌వే 2007 తర్వాత ఆగింది, కుక్కల పందేలు 2012 డిసెంబరులో ఆగాయి. యజమాని జీఆర్ఏ, అంటే గ్రేహౌండ్ రేసింగ్ అసోసియేషన్. 1926లో బెల్ వ్యూలో ఈ పందేలు మొదలుపెట్టిన సంస్థ అదే. కానీ 2005 నాటికి దాని యాజమాన్యంలోకి గాలియార్డ్ హోమ్స్ అనే ఇళ్ళు కట్టే కంపెనీ భాగస్వామిగా వచ్చింది. ఆ తర్వాత జీఆర్ఏ ట్రాకులు ఒక్కొక్కటిగా ఏమయ్యాయో చూడండి: పోర్ట్స్‌మత్ 2010, ఆక్స్‌ఫర్డ్ 2012, వింబుల్డన్ 2017, బర్మింగ్‌హామ్ హాల్ గ్రీన్ 2017. బెల్ వ్యూ కూడా 2020లో పోయింది. స్టేడియం యజమానుల్లో బిల్డర్ ఉన్నాడంటే, తాళం ఎప్పుడు పడుతుందన్నదే ప్రశ్న. మీ స్టేడియం వెనక ఏ కంపెనీలున్నాయో కంపెనీస్ హౌస్ (కంపెనీలు నమోదయ్యే ప్రభుత్వ కార్యాలయం) వెబ్‌సైట్‌లో చూడండి. అక్కడ డైరెక్టర్ల పేర్లు ఉచితంగానే దొరుకుతాయి.

ఆక్స్‌ఫర్డ్‌లో 220 ఇళ్ళకి అర్జీ పడింది. ఇళ్ళ కరువుకి ఇంగ్లండ్ మొత్తంలో పేరుమోసిన ఊరు అది. అలాంటిచోట 220 ఇళ్ళని కాదనడం ఏ కౌన్సిలర్‌కైనా కత్తిమీద సామే. అక్కడి కమిటీ వాల్తమ్‌స్టో లాగా ముఖభాగం అందాన్ని నమ్ముకోలేదు, నమ్ముకోవడానికి అంత అందమూ లేదు. కార్ల ఫ్యాక్టరీ కార్మికులున్న ఆ పేటకి ఆ స్టేడియం ఏమిటి, దశాబ్దాలుగా అక్కడి జనం సాయంత్రాలు ఎక్కడ గడిపారు అన్న కోణంలో వాదించారు. 2014లో సిటీ కౌన్సిల్ ఆ స్థలాన్నంతా కన్జర్వేషన్ ఏరియాగా, అంటే పాత స్వరూపం చెడకుండా కాపాడాల్సిన ప్రాంతంగా ప్రకటించింది, ఇళ్ళ అర్జీని తిరస్కరించింది. మామూలుగా కన్జర్వేషన్ ఏరియా అంటే రాతి భవనాలు, చర్చి శిఖరాలు. రేకుల స్టాండ్లున్న కుక్కల ట్రాకుకి ఆ హోదా ఇవ్వడం చూసి మా రంగంలో చాలామంది కనుబొమలు ఎగరేశారు.

దాంతో గెలిచేశారా అంటే లేదు. అనుమతి రాలేదు సరే, యజమాని మాత్రం తాళం తీయలేదు. ఏళ్ళపాటు స్టేడియం ఖాళీగా పడి ఉంది, పిచ్చిమొక్కలు మొలిచాయి. అసలు ఓపిక అవసరమైంది అప్పుడే. ఇళ్ళు కట్టే దారి మూసుకుపోయాక ఆ నేలకి అంత ధర పలకదు. చివరికి ఒక ప్రమోటర్, అంటే పందేలు నడిపే వ్యాపారి, 10 ఏళ్ళ లీజు తీసుకున్నాడు. 2022 ఏప్రిల్‌లో చీతాస్ తిరిగొచ్చాయి, సెప్టెంబరులో కుక్కలు తిరిగొచ్చాయి. మూతపడి దాదాపు పదేళ్ళయ్యాక! ఒకే నేల మీద రెండు ఆటలు, రెండు రకాల జనం, రెండు ఆదాయాలు ఉండటం అక్కడ చాలా కలిసొచ్చిందని నా నమ్మకం. మీ స్టేడియంలో స్పీడ్‌వే గానీ, స్టాక్ కార్ రేసులు గానీ, ఆదివారం సంత గానీ ఉంటే, వాళ్ళందరినీ ఇవాళే కమిటీలోకి తెచ్చుకోండి.

లీజు అంటే సొంతం కాదు, పదేళ్ళు ఇట్టే గడిచిపోతాయి. ఇది కూడా మనసులో పెట్టుకోండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, చేరితే ఏం చేయాలి. మొదట 7 పౌండ్లు పెట్టి ల్యాండ్ రిజిస్ట్రీ నుంచి ఆ స్థలం టైటిల్ రిజిస్టర్ తీసుకోండి. అందులో యజమాని పేరు ఒక్కటే కాదు, నేల మీద తాకట్టు ఉందా, పాత షరతులేమైనా ఉన్నాయా, ఏ బిల్డరైనా ముందే ఆప్షన్ ఒప్పందం (తర్వాత కొనుక్కునే హక్కు) రాయించుకుని నోటీసు నమోదు చేయించాడా అన్నవి కూడా కనిపించవచ్చు. ఇలాంటి నోటీసు కనిపిస్తే అమ్మకం మాటలు ఎప్పుడో అయిపోయాయని అర్థం, మీ వ్యూహం పూర్తిగా మారాలి. ఇంత చిన్న పని చేయకుండా నెలల తరబడి ప్లకార్డులు పట్టుకున్న కమిటీలను చూశాను.

అమ్మకం ఇంకా కాకపోతే, 2011 లోకలిజం చట్టం కింద ఆ స్టేడియాన్ని ‘అసెట్ ఆఫ్ కమ్యూనిటీ వాల్యూ’గా, అంటే ఊరి జనానికి విలువైన ఆస్తిగా నమోదు చేయమని కౌన్సిల్‌ని అడగొచ్చు. రిజిస్టరయిన సంఘం లేకపోయినా ఫర్వాలేదు, స్థానిక ఓటర్ల జాబితాలో ఉన్న 21 మంది కలిస్తే చాలు. మనవాళ్ళు చాలామంది ‘మాకు ఓటెక్కడిది’ అనుకుంటారు. భారత పౌరులు కామన్‌వెల్త్ పౌరులు కాబట్టి, చెల్లుబాటయ్యే వీసా మీద ఇక్కడ ఉంటున్నవాళ్ళు ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. ఆ 21 మందిలో మీరూ ఒకరు కావచ్చు. కౌన్సిలర్‌కి మెయిల్ రాసేటప్పుడు మీ వార్డు ఓటరునని మొదటి వాక్యంలోనే రాయండి, జవాబు త్వరగా వస్తుంది.

నమోదైతే లాభమేమిటంటే, యజమాని అమ్మదలిస్తే ముందు కౌన్సిల్‌కి చెప్పాలి. ఆరు వారాల్లోపు ఊరి సంఘం ఏదైనా మేం బేరమాడతాం అంటే, మొత్తం ఆరు నెలలు బయటివాళ్ళకి అమ్మకం ఆగుతుంది. కానీ ఆ ఆరు నెలల తర్వాత ఆయన ఎవరికైనా అమ్ముకోవచ్చు, మీకే అమ్మాలని లేదు. ఆ గడువు డబ్బు కూడగట్టడానికి మాత్రమే. ఈ హక్కుకి ఇంకాస్త బలం చేకూర్చే బిల్లు ఒకటి 2025లో పార్లమెంటు ముందుకొచ్చింది. మీరు అర్జీ పెట్టే నాటికి ఏ నిబంధన అమల్లో ఉందో కౌన్సిల్‌ని అడిగి తేల్చుకోండి.

ఇళ్ళ అర్జీ పడ్డాక ఒక్కటే గుర్తుంచుకోండి. చాలా కౌన్సిళ్ళలో వేల సంతకాల పిటిషన్‌ని ఒక అభ్యంతరంగానే ఫైలులో పెడతారు. దానికి బదులు యాభైమంది ఎవరి మాటల్లో వాళ్ళు, ఎవరి కారణం వాళ్ళు రాసిన ఉత్తరాలు పంపితే కేస్ ఆఫీసర్ తన రిపోర్టులో వాటన్నిటికీ జవాబు రాయాల్సి వస్తుంది. ‘మా తాత నన్ను అక్కడికి తీసుకెళ్ళేవాడు’ అన్నది ప్లానింగ్ కారణం కాదు. ‘ఈ ప్రాంతంలో సాయంత్రం పూట జనం కలిసే ఇంత పెద్ద చోటు ఇంకొకటి లేదు, ఇది పోతే బదులు ఎక్కడ కడతారు’ అన్నది ప్లానింగ్ కారణమే. విలువైన సామాజిక సౌకర్యాలు అనవసరంగా పోకుండా చూడాలని జాతీయ ప్లానింగ్ విధానంలోనే ఉంది, ఆ పేరా ఎత్తి రాయండి.

నడిపే మనిషిని వెతకడం అన్నిటికంటే కష్టం. ఉత్సాహం ఒక్కటే చాలదనడానికి టౌస్టర్ అనే ఊరి ఉదాహరణ ఉంది. పాత గుర్రప్పందేల మైదానంలో 2014లో కొత్తగా కుక్కల ట్రాకు కట్టారు, డర్బీ కూడా తెచ్చుకున్నారు, 2018లో దివాలా తీశారు. తర్వాత వేరేవాళ్ళు వచ్చి మళ్ళీ తెరిచారనుకోండి. మీ కమిటీ ముందు నిలబడి ‘నేను నడుపుతాను’ అనేవాడిని మొదట అడగాల్సింది ప్రసార ఒప్పందం ఎవరితో, ఎన్నేళ్ళకి అని.

ఇక కుక్కల సంగతి. దీన్ని చివర్లో పెట్టానని చిన్నదనుకోకండి, మీ కమిటీ ఓడిపోతే దీని దగ్గరే ఓడిపోతుంది. బ్రిటన్‌లో పరిగెత్తే గ్రేహౌండ్లలో అత్యధిక భాగం ఐర్లండ్‌లో పుట్టినవి. నిండా నాలుగైదేళ్ళు వచ్చేసరికి పందేల జీవితం ముగుస్తుంది, ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్ళు బతుకుతాయి. 2006లో ఇంగ్లండ్ ఈశాన్యాన సీహమ్‌లో ఒకతను ఏళ్ళ తరబడి పనికిరాని గ్రేహౌండ్లను వేల సంఖ్యలో చంపి పాతిపెట్టిన సంగతి పత్రికల్లో బయటపడింది, దేశం ఉలిక్కిపడింది. ఆ తర్వాత 2010లో నిబంధనలు వచ్చాయి, ట్రాకు దగ్గర వెటర్నరీ డాక్టరు తప్పనిసరి అయింది. పందేల సంస్థ జీబీజీబీ ఏటా గాయాల లెక్కలు ప్రచురిస్తోంది. వాళ్ళ సొంత లెక్కల్లోనే 2023లో 4,200కి పైగా గాయాలు. రిటైరైన కుక్కలకి ఇల్లు దొరికేలా 2020 నుంచి ఒక పథకం నడుపుతున్నారు, అది నిజంగా మార్పు తెచ్చింది. అయినా జంతు సంక్షేమ సంస్థలు ఆర్‌ఎస్‌పీసీఏ, డాగ్స్ ట్రస్ట్, బ్లూ క్రాస్ మూడూ కలిసి 2022లో ఈ పందేలను అయిదేళ్ళలో ఆపేయాలని కోరాయి. వేల్స్ ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో నిషేధం తెస్తామని ప్రకటించింది. న్యూజిలాండ్ అంతకు రెండు నెలల ముందే అదే మాట చెప్పింది. అమెరికాలో ఫ్లోరిడా ప్రజలు 2018లో ఓటు వేసి మరీ ఆపించారు.

సబబేనా అని అడిగారు కాబట్టి నా అభిప్రాయం చెప్తాను. పందెం డబ్బు కోసం జంతువుని మలుపు దగ్గర కాలు విరిగేంత వేగంతో పరిగెత్తించడం నాకు నచ్చదు. మనూళ్ళో సంక్రాంతి కోడిపందేల బరుల దగ్గరా నిలబడలేను. అలాగని ఆ పందేలకొచ్చే జనమంతా దుర్మార్గులన్న ధోరణీ నచ్చదు. నేను కలిసిన ట్రైనర్లలో తమ ఇంట్లో సోఫా మీద మూడు ముసలి గ్రేహౌండ్లని పడుకోబెట్టుకుని తాము కింద కూర్చునేవాళ్ళున్నారు. మీరు స్టేడియం ఉండాలి, పందేలు వద్దు అనుకుంటే ఆ మాట కమిటీలో మొదటిరోజే చెప్పేయండి. స్పీడ్‌వేకో, ఇంకో ఆటకో ఆ నేలను అట్టిపెట్టమని అడగడం కూడా పోరాటమే. పెద్దాయనకి అది రుచించకపోవచ్చు. పందేలే ఉండాలంటే మాత్రం గాయాల లెక్కలు, రిటైరైన కుక్కల లెక్కలు మీ ట్రాకువి విడిగా తెప్పించి ముందే జనం ముందు పెట్టాలి. ఎదుటివాళ్ళు సభలో బయటపెట్టేదాకా ఆగితే మీ మాట ఎవరూ వినరు. నిషేధం వస్తుందేమోనన్న అనుమానం ఉన్నంతకాలం పదేళ్ళ లీజు మీద సంతకం పెట్టే ప్రమోటర్ దొరకడం కూడా కష్టమే, అది కూడా లెక్కలో వేసుకోండి.

టైటిల్ రిజిస్టర్ తెప్పించాక అందులో ‘చార్జెస్’ అన్న భాగంలో ఏముందో, మీ కౌన్సిల్ లోకల్ ప్లాన్ ఏ దశలో ఉందో ఇక్కడే రాయండి. యజమాని పేరు రాయనక్కర్లేదు. అవి చూస్తే మీ కమిటీకి ఇంకా సమయం ఉందో లేదో చెప్పగలను.